పేర్లు మింగిన బావ

రండి రండి, దగ్గరికి జరగండి. నోళ్లకి తాళాలేసుకోండి, ఆ మూలన గుసగుసలు కూడా ఆపండి. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ సామెతకి కాళ్లూ చేతులూ మొలిచి తిరిగిన వైనం చెబుతాను.

ఒకావిడ, ఆవిడకో బావ. అక్కమొగుడన్నమాట. వెయిటింగ్ హాళ్లలో టోకెన్ నంబర్లు పిలిచే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి నడిపేవాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేసి పంపొచ్చు. దేశదేశాల వాళ్లు పంపేవారు. ఈ మహానుభావుడు అన్నిటినీ ఒక్క ముద్ద చేసి, పైన తన పేరు అతికించేవాడు. పక్కింటాయన తుమ్మినా ఆ తుమ్ము తనదేననే రకం. ఆ పేరు మోసీ మోసీ కంప్యూటరుకి గూని వచ్చిందంటే నమ్మండి!

మరదలికి ఒళ్లు మండిపోయింది. ఆ ప్రోగ్రాంకి పట్టిన, మధ్యలో నంబర్లు మింగేసే జబ్బుని కుదిర్చింది తను. ఉద్యోగమిస్తామన్న కంపెనీవాళ్లు ఆమె రాసింది చూపించమన్నారు. చూస్తే ప్రోగ్రాంలో ప్రతి లైను మీదా బావ పేరే. "ఇది మీ బావగారిది కదమ్మా" అని పెదవి విరిచి, సోమవారం దాకా గడువిచ్చారు.

"బావా, నా పని నా పేరు మీద పెట్టు."

"మనలో మనకి పేర్లేంటే, పిచ్చి మొహమా! ఇంటి పరువు ఒకటే కదా."

"పరువు దాకా ఎందుకులే. ఈ లైను ఏం చేస్తుందో చెప్పు, చాలు."

బావ కళ్లజోడు తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. "అది... లోపల తిరుగుతుంది."

"గ్రైండరా?"

ఆమె ఇక బతిమాలలేదు. ఉచిత ప్రోగ్రాం కదా, నకలు తీసుకుని ఎవరైనా వేరుకుంపటి పెట్టుకోవచ్చు. ఆ పనిలో అదే ఆచారం. ఆమె అదే చేసింది. ఎవరి ముక్క వాళ్ల పేరుతోనే మళ్లీ పంపమని అందరికీ కబురు పెట్టింది. జనం ఒకరినొకరు తోసుకుంటూ పంపారు. బావ తిట్లు నోరు దాటేలోగా హాళ్లన్నీ ఆమె ప్రోగ్రాంకి మారిపోయాయి. కంపెనీవాళ్లు చూసి ఉద్యోగమిచ్చారు.

బావ ఆ ఆఫీసుకే రొప్పుకుంటూ వచ్చాడు. "నా పేరేదే?"

"నేను ఎవరి పేరూ మింగను బావా. నువ్వు సొంతంగా చేసిందేమిటో వెతికి వెతికి పట్టుకున్నా. ఇదిగో."

తెర మీద బావ పేరు, పక్కన ఒకే మాట: ఖాళీ లైను ఒకటి తీసేశారు.

ఆఫీసంతా పగలబడి నవ్వింది. వాటర్ క్యాన్లు వేసే అతను మాత్రం భుజం మీది క్యాను దించి, బావకేసి భక్తిగా చూశాడు.

"నవ్వుతారేంటండీ? ఖాళీని తియ్యడమంటే మాటలా? అక్కడ ఏమీ లేదని ముందు కనిపెట్టాలి కదా!"