నూరో రోజు సాతే

ఎద్దు నాలుకను శుభ్రం చేయడమంటే మాటలు కాదు. సలసల మరిగే నీళ్ళలో ముంచి తీయాలి. పైనున్న తెల్లటి గరుకు తోలు సడలే అదను ఒకటి ఉంటుంది, అది చూసుకోవాలి. అదను తప్పిందా, తోలు మళ్ళీ కండకు కరుచుకుని కూర్చుంటుంది, ఇక దాన్ని గీకడం ఎవరి తరమూ కాదు. ఆ అదను సుతాన్ సాతి వేళ్ళకు తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తెలుసు. అలాంటిది ఆ పొద్దున మొదటి నాలుక తోలు అతుక్కుపోయింది.

"ఏం నాన్నా, కత్తి మొద్దుబారిందా, చెయ్యి మొద్దుబారిందా?" అంది వంటింటి గడపలో నిలబడి కూతురు ఎల్మి.

"నీళ్ళు మొద్దుబారాయి. పొయ్యి వెలిగించింది నువ్వేగా."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. ఆ పెరట్లో పొద్దున్నే అలా ఎత్తిపొడిచే మనిషి జవానిస్. సుతాన్ సాతి భార్య. ఆమె పోయి ఆ రోజుకు నూరు రోజులు. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇంటి నిండా జనం వచ్చి కూర్చుని దువా చదువుతారు, తర్వాత సాతే, అంటే ఈనెలకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన మాంసం, తింటారు. తిన్నాక సుతాన్ సాతి అక్కగారు సారిబానూ అతన్ని తీసుకుపోతుంది.

ఆ మినాంగ్ సీమలో ఇల్లు ఆడవాళ్ళది. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి వస్తుంది. మగవాడు పెళ్ళాడి భార్య ఇంటికి వచ్చి ఉంటాడు. అందరిదీ ఇల్లరికమే అయినప్పుడు ఇల్లరికపు అల్లుడని ఎవరు ఎవర్ని వెక్కిరిస్తారు? ముందు అతనికే వడ్డిస్తారు, మంచి చాప అతనికే వేస్తారు. కానీ ఎన్నేళ్ళున్నా చుట్టం చుట్టమే. భార్య పోతే నూరు రోజులు ఆగి అతని అక్కచెల్లెళ్ళు వస్తారు, తమ తల్లి ఇంటికి తీసుకుపోతారు. రాకపోతే, అయ్యో, తోడబుట్టినవాడికి గుప్పెడు మెతుకులు పెట్టలేకపోయారా అని ఊరు నవ్వుతుంది. ఉండిపొమ్మని ఈ ఇంటివాళ్ళు అడిగినా ఆ అక్కచెల్లెళ్ళకు అంతే అవమానం. అందుకని ఎవరూ అడగరు.

ఇవన్నీ సుతాన్ సాతికి తెలియనివా? రెండు చొక్కాలు, లుంగీ, నమాజు చాప ముందురోజే సంచిలో సర్దుకున్నాడు. వెళ్ళడం బాధ కాదంటే అబద్ధమవుతుంది. అయితే అతని గుండెలో ముల్లు వేరే ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ పెరట్లో పొగ మింగాడు. కప్పు కారితే ఎక్కి రేకు బిగించాడు. అత్తగారు మంచాన పడితే ఎత్తి స్నానం చేయించాడు. "నువ్వు మావాడివి" అని ఆ ఇంటి పెద్ద ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట ఈ పొద్దు గూకేలోగా రాకపోతే ఇక ఎప్పటికీ రాదు. రాదనే అతను అనుకుంటున్నాడు. కానీ చెవి మాత్రం ఆ మాట కోసమే కాచుకుని ఉంది.

ఇంటి పెద్దంటే జవానిస్ అన్నగారు, ఆ వంశానికి దాతుక్, అంటే వంశపెద్ద. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. రోజూ తన భార్య ఇంటి నుంచి చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి ఈ ఇంటి మంచిచెడ్డలు చూసి పోతాడు. బావగారితో, బావమరిదితో అక్కడెవరూ సూటిగా మాట్లాడరు. ఏదైనా చెప్పాలంటే వాలుగా, పక్క నుంచి, వానమీదో వరిమీదో పెట్టి చెప్పాలి. పేరు పెట్టి పిలవడం అసలే లేదు. పెళ్ళినాడు ఇచ్చిన బిరుదే పేరు. అలా బుస్తామీ అనే కుర్రవాడు ఈ ఇంటి గడప తొక్కి సుతాన్ సాతి అయ్యాడు. భార్య మర్యాదగా పిలిచే 'ఉదా' అయ్యాడు, కూతురికి నాన్న అయ్యాడు. అక్కగారికైతే ఇప్పటికీ బూయుంగే, అంటే చంటోడు. అసలు పేరు మూలన పడింది.

ఆ పేరును దాతుక్ ఒకేఒక్కసారి నోటితో అన్నాడు. నిఖానాడు. తండ్రి లేని పిల్ల గనుక అన్నే పెద్దరికం వహించి, కుర్రవాడి చెయ్యి పట్టుకుని, "బుస్తామీ, నా చెల్లెలు జవానిస్‌ను నీకిచ్చి పెళ్ళి చేస్తున్నాను" అన్నాడు. దేవుడి ఎదుట వాలు మాటలు కుదరవు కదా. ఆ చేతి పట్టు ఎంత గట్టిదంటే వేళ్ళు మూడు రోజులు నొప్పెట్టాయి. మర్నాటి నుంచీ మళ్ళీ "సుతాన్‌గారూ, వానొచ్చేలా ఉంది".

రెండో నాలుక తోలు సుఖంగా వచ్చింది. రెండింటినీ పసుపు, అల్లం, దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి, పసుపాకు వేసి ఉడకబెట్టాడు. మెత్తబడ్డాక తీసి, బొటనవేలు గోరంత ముక్కలు కోసి, కొబ్బరి ఈనెలకు గుచ్చడం మొదలుపెట్టాడు. ఉడికిన నీళ్ళ కుండను మాత్రం ఎత్తి వంటింటి గడప మీద పెట్టాడు.

అది వాళ్ళ ఏర్పాటు. మాంసం అతనిది, పులుసు ఆమెది. గడప దాటాక ఆ నీళ్ళలో ఏం కలుస్తుందో అతను చూడకూడదు. విసనకర్ర ఆమె ముట్టుకోకూడదు. "నా పులుసు నేర్చుకుంటే నన్ను వదిలేసి బజార్లో బండి పెట్టుకుంటావు" అనేది జవానిస్. "నీకు విసరడం వస్తే నన్ను మా అక్క దగ్గరికి తోలేస్తావు" అనేవాడు ఇతను. అలా ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ సాతేలో సగం అతనికి తెలియలేదు, సగం ఆమెకు తెలియలేదు. నూరు రోజులుగా ఆ ఇంట్లో సాతే లేదు.

ఎల్మి కుండ ముందు నిలబడి చేతులు పిసుక్కుంది. "మసాలా నూరింది అమ్మ చెప్పినట్టే. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, అన్నీ సరే. పిండి దగ్గరే నాన్నా. ఎంత పొయ్యాలో, ఎప్పుడాపాలో అమ్మ చెప్పలేదు. చెప్పేలోపే..."

"నాకూ తెలీదే."

"ముప్ఫై ఎనిమిదేళ్ళు తిన్నావు!"

"తిన్నాను. చూడలేదు." అతను పొయ్యి రాళ్ళ దగ్గర తన పీట మీద, వంటింటికి వీపు పెట్టి, రోజూ కూర్చున్నట్టే కూర్చున్నాడు. "విన్నాను. పిండి కలిపి పొయ్యి. తిప్పు."

ఎల్మి బియ్యప్పిండి నీళ్ళలో జారుగా కలిపి పోసింది. తిప్పింది.

"ఇంకా," అన్నాడు వెనక్కి తిరగకుండా. "ఇప్పుడు చినుకుల్లా టపటపమంటోంది. ఇంకా తిప్పు."

"చెయ్యి నొప్పెడుతోంది."

"మీ అమ్మ కూడా ఇక్కడే తిట్టడం మొదలెట్టేది. నువ్వూ తిట్టు, పులుసు చిక్కబడుతుంది."

ఎల్మి తిట్టలేదు. ఏడుస్తూ తిప్పింది. కుండలో బుడగలు బరువెక్కాయి. బురదలో గేదె కాలు పెట్టి తీసినట్టు, బుడుగ్... బుడుగ్... మంటూ ఒక్కొక్కటే పగిలాయి.

"దింపు!" అన్నాడు సుతాన్ సాతి.

ఆమె గరిటె వెనక వేలితో గీత గీసింది. గీత కలిసిపోలేదు. పచ్చగా, నిగనిగలాడుతూ నిలిచింది. నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది.

"అమ్మదేనా?" అన్నాడు.

"కొంచెం ఉప్పెక్కువ."

"అయితే అమ్మదే."

గుచ్చిన ఈనెలు అరిటాకు మీద వరసగా పేర్చాక ఎల్మి వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. గొంతు తగ్గించి అంది, "నాన్నా, నిన్న మామయ్యను అడిగాను. ఒక్క మాట అనండి, నాన్న ఉండిపోతాడు అని."

అతని చెయ్యి ఆగింది. "నిన్నెవరు అడగమన్నారు? ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. పెరట్లోకి చూసి, ఈ పొయ్యి పొగ ఎప్పుడూ పడమటికే పోతుంది అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు."

"మా అక్క ఊరు పడమరేగా," అన్నాడు సుతాన్ సాతి. ఇంకో ముక్క గుచ్చాడు.

మధ్యాహ్నానికి జనం వచ్చారు. వానా వచ్చింది. ఆ ఊళ్ళో వాన రాని పని ఏదీ జరగదు, సింగలాంగ్ కొండ దిగి అది కూడా చుట్టంలా వచ్చి కూర్చుంటుంది. సారిబానూ వ్యాను దిగి, మోకాళ్ళను తిట్టుకుంటూ మెట్లెక్కింది. దువా అయింది. పళ్ళేలు పరిచారు. కొబ్బరాకు బుట్టల్లో ఉడికిన అన్నం ముద్దలు కోసి, పైన సాతే పెట్టి, పులుసు ధారగా పోసి, వేయించిన చిన్నుల్లి చల్లి అందించారు. సుతాన్ సాతి చూరు కింద పొయ్యి వదిలి లోపలికి రాలేదు. కిటికీలోంచి అన్నీ వినబడుతున్నాయి.

"ఇదేనన్నమాట మా బూయుంగ్‌ను ఇన్నేళ్ళు కట్టి పడేసిన పులుసు," అంది సారిబానూ నోటి నిండా. "నేనే అయితే ఇంకో పదేళ్ళు ఎక్కువే కట్టుబడి ఉందును."

ఆడవాళ్ళు నవ్వారు. నవ్వు అణగాక ఆమె పైట సర్దుకుంది. సుతాన్ సాతి విసనకర్ర ఆపాడు.

"దాతుక్‌గారూ, అప్పుడెప్పుడో మా ఇంట్లోంచి ఒక గొడుగు మీ ఇంటికి వచ్చింది. వాన వెలిసింది గదా, తీసుకుపోదామని వచ్చాం."

రేకుల మీద వాన దడదడలాడుతోంది. ఎవరో కిసుక్కుమన్నారు.

"వాన వెలిసిందా?" అన్నాడు దాతుక్. "నాకు వినబడుతూనే ఉందే."

బయట పొయ్యి దగ్గర సుతాన్ సాతి గుండె ఒక్కసారి పైకి లేచింది. ఇంకొక్క మాట, ఇంకొక్కటి.

"అయినా గొడుగు ఎవరిదో వాళ్ళదేనమ్మా," అన్నాడు దాతుక్. "ఊచలు అరిగాయి. మా వానకే అరిగాయి, తప్పుగా అనుకోకండి. తీసుకువెళ్ళండి."

అంతే. అయిపోయింది. సుతాన్ సాతి బొగ్గుల మీద మళ్ళీ విసరడం మొదలుపెట్టాడు. అక్కగారి ఊరివాళ్ళ కోసం కట్టి పంపాల్సిన ఆఖరి వాయి అది. నిప్పు మీద పరిచాడు, నూనె రాశాడు. ఇక చెవికి పని లేదు.

వెనక చేతికర్ర చప్పుడైంది. తిరిగి చూస్తే దాతుక్. నెత్తిన గొడుగు లేదు, నల్ల టోపీ తడిసి ముద్దయింది. ఆ ఇంటి పెద్ద ఆ పొయ్యి దగ్గరికి వచ్చినది అదే మొదటిసారి.

"పొగ ఎక్కువగా ఉంది సుతాన్‌గారూ."

"కొబ్బరిచిప్పల బొగ్గు తడిసింది దాతుక్."

"తడిస్తే ఆరబెట్టేవాళ్ళుండాలి."

"ఎల్మి ఆరబెడుతుందండీ."

"ఎల్మికి తెలీదు."

"తెలుసుకుంటుందండీ."

దాతుక్ కర్రను గోడకు ఆనించాడు. మోకాళ్ళు టపటపమంటుండగా, పట్టుబట్టల మనిషి, తడి మట్టిలో బావమరిది పక్కన గొంతుక్కూర్చున్నాడు. నిప్పుల వైపే చూస్తూ ఉన్నాడు.

"బుస్తామీ."

విసనకర్ర చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఉండిపో," అన్నాడు దాతుక్. "ఈ ఇల్లు నీది. నా చెల్లెలు పోతే నువ్వు ఎందుకు పోవాలి? ఊరేమంటుందో నేను పడతాను. ఉండిపో."

సుతాన్ సాతి చెవిలో పేరు ఒక్కటే తిరుగుతోంది. కళ్ళు మెట్ల మీదికి పోయాయి. అక్కగారి చెప్పులు అక్కడ వానలో తడుస్తున్నాయి. డెబ్భై ఏళ్ళ మనిషి, కీళ్ళనొప్పులతో కొండ చుట్టి వచ్చింది. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఎలా తిరిగి వెళుతుంది? ఈయనకైనా, వంశపెద్దే ఆచారం తప్పాడన్న మాట చచ్చేదాకా ఉండిపోతుంది. అదంతా తెలిసే అన్నాడు. తెలిసే వచ్చి మట్టిలో కూర్చున్నాడు.

"ఒరేయ్ బూయుంగ్! మాడుతోందిరా!" అని కిటికీలోంచి కేక వేసింది సారిబానూ.

చూస్తే ఆఖరి వాయి ఒకవైపు నల్లబడిపోయింది. గబగబా తిప్పాడు. తిప్పడం అయ్యాక లేచి, విసనకర్రను గోడకున్న దాని మేకుకే తగిలించాడు.

"ఇది ఇక్కడే ఉండనివ్వండి దాతుక్," అన్నాడు మెల్లగా. "శుక్రవారం సంతలో నాలుకలు మంచివి దొరుకుతాయి. మా ఊళ్ళో పొయ్యి బాగా అంటుకోదు."

దాతుక్ అతని ముఖంలోకి చూశాడు. అర్థమైంది. కర్ర అందుకుని లేవబోయి తూలితే ఇతను చెయ్యి ఇచ్చాడు. ఆ పట్టులో ఇంకా బలం ఉంది.

"పొయ్యి రాళ్ళు కదపనివ్వను సుతాన్‌గారూ," అన్నాడు దాతుక్. "శుక్రవారాలు ఇక్కడ వాన తక్కువ."

అది పచ్చి అబద్ధం. శుక్రవారమైనా అక్కడ వాన వానే.

ఎల్మి వ్యాను దాకా వచ్చింది. మాడిన సాతే ఒకటి ఆమె చేతిలో ఉంది, సగం కొరికి. "మాడ్చావు నాన్నా."

"మాడ్చాను."

"ఎప్పుడూ మాడ్చలేదు."

"ఎప్పుడో ఒకసారి మాడుతుందిలే. పులుసులో ముంచుకు తిను."

వ్యాను మలుపు తిరిగింది. సారిబానూ కొంగుతో ముఖం తుడుచుకుని అతన్ని మోచేత్తో పొడిచింది.

"ఏమన్నాడ్రా ఆయన? అంతసేపు బురదలో కూర్చుని?"

"పేరు పెట్టి పిలిచాడు."

"అంతేనా?"

"అంతేనక్కా," అన్నాడు బుస్తామీ.