విష్ణుకాంత మీద ఆరుద్ర పురుగు

ఏడో తరగతిలో బడి మానేసి నంద్యాలలో ఒక ఫోటో స్టూడియోలో చేరాను. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లు తీశాను. ఒక్క ఆల్బమ్ మీదా నా పేరు లేదు, అన్నిటి మీదా ఓనరు పేరే. అందుకే ఆళ్లగడ్డ లెక్చరర్ దీపిక ఫోన్ చేయగానే బండెక్కాను. మన బీళ్లలోని పురుగులు, మొక్కల మీద ఆమె పుస్తకం వేస్తోంది.

"అన్నా, ఆరుద్ర పురుగు ఫోటో ఒక్కటే తక్కువ. ఈ పొద్దు మధ్యాన్నానికి పంపితే కింద నీ పేరేస్తా."

ఆరుద్ర కార్తె వాన పడి అప్పుడే వెలిసింది. బీడంతా ఎర్ర మఖమల్ ముక్కలు చల్లినట్టు పురుగులు! ఎండ ముదిరితే మట్టిలోకి దూరిపోతాయి. మళ్లీ ఏడాదికే.

పురుగుల్ని తీసే ఖరీదైన లెన్సు నాకెక్కడిది? పాత లెన్సునే తిరగేసి కెమెరాకు టేపుతో బిగించాను. అలా బిగిస్తే చీమ కాలి మీది నూగు కూడా కనపడుతుంది. కానీ నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి, ఊపిరి పీలిస్తే బొమ్మ మసకే. బోర్లా పడుకున్నాను. నీలి విష్ణుకాంత పువ్వు మీదికి ఒక పురుగు ఎక్కుతోంది. ఊపిరి బిగబట్టాను.

"పాము కరిసిందప్పో!"

ముఖాన సీసాడు నీళ్లు పడ్డాయి. ఆ బీడులో గొర్రెలు కాసే ఆదిలక్ష్మమ్మ నా కాలు పట్టుకుని లాగుతోంది.

"యాడ కరిసింది యెషయా?"

"పామూ లేదు, పాడూ లేదు! ఫోటో తీస్తాండా!"

ఆమె పువ్వును చూసింది, నా మెడలోని సిలువను చూసింది. "ఏసయ్య బిడ్డవు, విష్ణుకాంతకు సాగిలపడి మొక్కుతాండావే!"

నాకు నవ్వు రాలేదు. పురుగు కాళ్లు ముడుచుకుని పువ్వులో ఎర్ర గింజలా పడి ఉంది.

"సంపితివి కదక్కా."

"నోరు మూసుకోని సూడు. తడి తగిలింది, లేస్తాది."

లేచింది! ఒక కాలు, ఇంకో కాలు. ఆమె చల్లిన నీటిచుక్క పువ్వు అంచున వేలాడుతోంది. పురుగు దాని మీదికి వంగింది. చుక్కలో ఇంకో ఎర్ర పురుగు, తలకిందులుగా! మళ్లీ బోర్లా పడి బటన్ నొక్కాను, నొక్కుతూనే ఉన్నాను. కెమెరా తెర మీద నూగు పోగుపోగునా లెక్కపెట్టొచ్చు.

"ఒచ్చిందక్కా, ఒచ్చింది!"

"నీళ్లు నావి," అంది ఆమె, గొర్రెల్ని అదిలిస్తూ.

పంపిన నిమిషానికే దీపిక ఫోన్. "అన్నా! ఆ సుక్క యెట్ల పట్టినావ్? 'ఫోటో: యెషయా' అని ఏస్తాండా."

ఆ మాట కోసమే ముప్పై ఏళ్లు కాచుకున్నాను. సరేననబోయాను. ఆదిలక్ష్మమ్మ ఖాళీ సీసా ఊపుకుంటూ పోతోంది. ఆల్బమ్ మీద తన పేరే వేస్తామంటే మా ఓనరు కూడా ప్రతిసారీ ఇంత సులువుగానే సరేనని ఉంటాడు.

"కింద ఇంకో లైనెయ్యమ్మా. 'నీళ్లు: ఆదిలక్ష్మమ్మ.'"

"నీళ్లా? అట్ల ఎవరన్నా ఏస్తారా అన్నా?"

"ఏస్తారు. ఏయకుంటే నా పేరూ వద్దు."