ఆగినా ఫర్వాలేని ఆపరేషన్

సుగుణమణి రెండు మోకాళ్లూ అరిగిపోయాయన్న సంగతి గోదావరిఖనిలో ఆమె చేత బట్టలు కుట్టించుకున్న ప్రతి ఇంటికీ తెలుసు. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి జాకెట్లు, లంగాలు, బడిపిల్లల నిక్కర్లు, బొగ్గుబాయి పనివాళ్ల ప్యాంట్లు కుడుతూ ఏళ్ల తరబడి కాలితో మిషను తొక్కిన మనిషి. మోకాళ్లు మొరాయించాక మోటారు పెట్టించుకుంది గానీ అప్పటికే కాళ్లు విల్లులా బయటికి వంగిపోయాయి.

కుడి మోకాలు మార్చడానికి హైదరాబాదులో రోజు ఖాయమైంది. భర్త యిర్మియా బొగ్గు కంపెనీ భూగర్భ గనిలో చేసి రిటైరైనవాడు కాబట్టి కంపెనీ దవాఖాన వాళ్లే అక్కడికి రాసిచ్చారు. బట్టల సంచి సర్దుకున్నారు. చర్చిలో ప్రార్థన చేయించుకున్నారు. సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్ వచ్చిపడింది.

హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. "ముందుగాల ప్లాన్ చేసిన ఆపరేషన్లన్నీ ఆపేసినమమ్మా. బొక్కలు విరిగినోళ్లకు తప్ప ఎవ్వరికీ చేస్తలేరు," అంది అవతలి అమ్మాయి.

"అంటే నాది విరగలే గనక ఆగుతదా బిడ్డా?"

"మీది ఆగినా ఫర్వాలేని ఆపరేషనమ్మా. మళ్ల ఫోన్ చేస్తం."

సుగుణమణికి కోపం రాలేదు. ఆ మాట మాత్రం వింతగా తోచింది. ఆగినా ఫర్వాలేదని వీళ్లకెలా తెలుసు? మోకాలిని చూసి చెప్పారా, వయసును చూసి చెప్పారా? యిర్మియాను అడిగితే, "నాకేమెరుక? నేనేమన్న డాక్టర్నా?" అని టీవీ చప్పుడు పెంచాడు.

చేసేదేమీ లేక వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవడం అలవాటైంది. కాలనీకంతా మాస్కులు కుట్టింది. అవి పెట్టుకుని జనం రోడ్డు మీద పోతుంటే మొదట్లో ఎవరెవరో తెలిసేది కాదు. కొన్నాళ్లకు మొహాలు చూడడం మానేసి కాళ్లు చూడసాగింది. బాయిలో దిగేవాళ్లు దీపపు వెలుగులో అడుగు చూసుకుని నడిచే అలవాటుతో పట్టపగలూ తల వంచుకునే పోతారు. డంపర్ లారీలు నడిపేవాళ్లు దిగి నడిచినా ఇంకా సీట్లో ఊగుతున్నట్టే ఉంటారు. ఒక భుజం కిందికి, ఒక కాలు పొడుగు, ఒక మడమ లోపలికి... కొలతలు తీసే రోజుల్లో ఒక్కొక్కరిలో చూసినవన్నీ ఇప్పుడు కదులుతూ కనపడ్డాయి.

"అగో, లస్మవ్వ పోతున్నది," అనేది.

"ఎట్ల చెప్తున్నవ్? మాస్కు మీది కండ్లు గూడ సక్కగ అవుపిస్తలేవు గదా!" అనేవాడు యిర్మియా.

"గా ఎడమ కాలు చూడు. చీపురూడ్చినట్టు ఊడ్చుకుంట పోతది."

యిర్మియా గేటు దాకా వెళ్లి పిలిచి చూసేవాడు. లస్మవ్వే.

మరుసటి ఏడాది ఎండాకాలానికి రెండోసారి రోజు ఇచ్చారు. రెండో విడత కరోనా వచ్చి దాన్నీ మింగేసింది. ఈసారి ఆపరేషను సంగతి ఎవరూ తలుచుకోలేదు. ఎదురింటి వీరేందర్‌కు ఊపిరి ఆడక కరీంనగర్‌లో ఆక్సిజన్ మీద పెట్టారు. ఓపెన్‌కాస్టు గనిలో ఎలక్ట్రీషియన్, నలభై కూడా నిండని మనిషి. అతని భార్య రాజకుమారి గేటు పట్టుకుని ఏడుస్తుంటే సుగుణమణి కర్ర ఊతంతో రోడ్డు దాటి వెళ్లి, ఆమె తల పట్టుకుని ప్రార్థన చేసింది. ఎవరి దేవుడని రాజకుమారి అడగలేదు.

వీరేందర్ బతికి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు, అయినా వానాకాలం ముదిరేసరికి మళ్లీ డ్యూటీకి పోసాగాడు.

అతని నడకలో తేడా సుగుణమణికి దసరా ముందర కనపడింది. మొదట చెప్పు కరిచిందేమో అనుకుంది. వారం గడిచినా పోలేదు. ఎడమ కాలు మీద బరువు పడగానే ఒళ్లంతా అటు వాలుతుంది, కాలు నేలను తాకీ తాకకముందే రెండో అడుగు వేసేస్తాడు. ఇది తన నడకలాంటిది కాదు. మోకాలు నొప్పయితే మనిషి కాలు బిర్రబిగించి వేస్తాడు. మరి ఇదేంటి? డ్యూటీ బూట్లు తొడుక్కునేటప్పుడు కూడా చూసింది. ఇదివరకు మెట్టు మీద కూర్చుని మోకాలి మీద మడమ వేసుకుని లేసు కట్టుకునేవాడు. ఇప్పుడు కాలు ముందుకు చాపితే రాజకుమారి కడుతోంది.

ఒక సాయంత్రం ప్యాంటు నడుము బిగించమని ఇవ్వడానికి వచ్చాడు. సుగుణమణి టేపు పక్కన పెట్టింది.

"వీరేందర్, కాలు ఏమైంది?"

"ఏం గాలే పెద్దమ్మా. నడుంల నరం పట్టింది. సూది వేయించుకున్న."

"నడుం అంటున్నవ్, నువ్వు చెయ్యి నడుం మీద పెట్టంగ ఒక్కసారి గూడ చూడలేదు నేను. యాడ నొస్తది? చెప్పు."

అతను గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. "గజ్జల్ల," అన్నాడు చిన్నగా. "మీకెట్ల చెప్పాలె పెద్దమ్మా..."

"నీ అసొంటోళ్ల ప్యాంట్ల కొలతలు ఎన్ని తీసిన! నాకేం సిగ్గు? సక్లం ముక్లం పెట్టుకుని కూసో చూద్దాం."

బాసింపట్టు వేసి కూర్చోలేకపోయాడు. కుడి మోకాలు నేల దాకా వాలింది, ఎడమది సగంలోనే ఆగిపోయింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సుగుణమణికి అదేమిటో తెలియదు. తెలియనందుకే ఆ రాత్రంతా అదే ఆలోచన.

కంపెనీ దవాఖానలో ఎముకల డాక్టరు జైపాల్ దగ్గరికి ఆమె అప్పుడప్పుడు తన ఆపరేషను సంగతి కనుక్కోవడానికి పోతూ ఉండేది. ఈసారి పోయి తన మోకాళ్ల మాటెత్తకుండా వీరేందర్ నడక ఎలా ఉందో చెప్పింది. చెప్పడం చాలక లేచి, బల్ల పట్టుకుని, తన వంకర కాళ్లతోనే ఆ వాలు నడక నడిచి చూపించింది. డాక్టరు మొదట నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది.

"ఆయనకు కరోనా వచ్చిందా?"

"వచ్చింది సార్. సచ్చి బతికిండు."

"స్టెరాయిడ్ ఇచ్చిన్రా?"

"ఏమిచ్చిన్రో నాకెట్ల తెలుస్తది? ఎందుకడుగుతున్నరు?"

డాక్టరు జైపాల్ బల్ల మీదున్న ప్లాస్టిక్ తుంటి బొమ్మను తిప్పి, గిన్నెలో గుండులా కూర్చున్న ఎముక తలను చూపించాడు. ఊపిరితిత్తులను కాపాడిన ఆ మందే కొందరిలో ఈ గుండుకు నెత్తురు అందకుండా చేస్తుందని, నెత్తురందక ఎముక లోలోపల చచ్చి ఒకరోజు కుంగిపోతుందని చెప్పాడు. ఇలాంటివాళ్లు ఈమధ్య ఒకరి వెనక ఒకరు వస్తున్నారట, చాలామంది కుంగిపోయాకే వస్తున్నారట.

"రేపే పంపు. మామూలు ఎక్స్‌రేల ఏం కనపడకపోవచ్చు, ఎమ్మారై తీపిద్దాం."

వీరేందర్ రానన్నాడు. కరోనా వార్డులో పక్క మంచం మనిషి పోవడం కళ్లారా చూసినవాడు, దవాఖాన వాసనంటేనే వణుకు. సుగుణమణి బతిమాలలేదు. "నేనూ వస్త. నాగ్గూడ చూడాలనున్నది, గా ఫోటోల ఏం కనపడ్తదో," అంది. ముసలావిడ అంత కాలు నొప్పితో వస్తానంటే కాదనలేక బయల్దేరాడు.

ఎమ్మారైలో గుండు మీద సన్నటి నల్ల గీత, ముగ్గు అంచులా వంకర తిరిగి ఉంది. ఇంకా కుంగలేదు. రంధ్రం వేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తే ఎముకకు మళ్లీ నెత్తురందే అవకాశం ఉంది, హామీ మాత్రం లేదు అన్నాడు డాక్టరు. హైదరాబాదుకు వెంటనే ఫోన్ చేసి అతనికి రోజు తీసుకున్నాడు.

వీరేందర్, వెంట వచ్చిన రాజకుమారి దండం పెట్టి బయటికి పోయాక సుగుణమణి కుర్చీలోంచి లేవలేదు.

"సార్, ఒక మాట. కోపంతోని అడుగుతలేను, తెలుసుకుందామని. గీ పిలగానిది ఆగొద్దు, నాది ఆగొచ్చు. ఎట్ల చెప్తరది?"

డాక్టరు జైపాల్ పెన్ను పక్కన పెట్టాడు. "మొదట్ల మంచాలు, ఆక్సిజన్, మత్తు డాక్టర్లు అందరు కరోనా దిక్కు పోయిన్రు. ప్రాణం మీదికొచ్చిన ఆపరేషన్లే చేసినం. ఇప్పుడు ఆగిపోయినోళ్ల లైను మస్తు పొడుగైంది. అందుకని చూస్తం, ఆగితే ఆపరేషనే మారిపోతదా అని. వీరేందర్‌ది ఆగితే గుండంతా తీసి కొత్తది పెట్టాలె. మీది ఇయ్యాల చేసినా, ఆర్నెల్లకు చేసినా అదే మోకాలు, అదే ఆపరేషను."

"ఆపరేషను మారదు. మరి కాలు?"

"కాలు మారుతది," అన్నాడు. "అబద్ధం చెప్పను. నడవకుంటే తొడ కండ కరుగుతది, వంకర పెరుగుతది. చేసినంక లేచి నడిచేటందుకు కష్టమైతది. ఫర్వాలేదని ఫోన్ల చెప్పేటోళ్లకు గిదంతా చెప్పే టైముండదు."

ఆ జవాబుతో సుగుణమణికి ఎందుకో మనసు తేలికైంది. ఇన్నాళ్లూ ఫర్వాలేదన్న మాట ముందు తన నొప్పి ఉత్త గోలలా అనిపించేది. కండ కరగకుండా ఏం చెయ్యాలని అడిగింది. మోకాలి కింద తువాలు చుట్ట పెట్టుకుని తొడ బిగించి వదలడం, కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపడం ఆయనే చేసి చూపించాడు. ఇంటికొచ్చి అవి పొద్దున్నా సాయంత్రం చేసింది. యిర్మియా మొదట ఎగతాళి చేసి, తర్వాత తనూ పక్కన కుర్చీ వేసుకుని కాళ్లు చాపడం మొదలుపెట్టాడు.

వీరేందర్‌కు ఆపరేషనైంది. చాలా రోజులు రెండు చంకకర్రల మీద ఎడమ కాలు నేలకు ఆనించకుండా గడిపాడు. తర్వాత ఒక కర్ర, ఆ తర్వాత అదీ లేదు. స్తంభాలెక్కే పని మాన్పించి సబ్‌స్టేషన్లో కూర్చునే పని ఇచ్చారు. ఎముక కుంగలేదు. రోడ్డు మీద పోతుంటే ఆ వాలు కొద్దిగా మిగిలే ఉందని సుగుణమణి గమనించింది గానీ అతనితో అనలేదు.

మూడో విడత వచ్చి తొందరగానే పోయింది. ఆ ఎండాకాలంలో ఆమెకు పిలుపొచ్చింది. ఈసారి ఏదీ అడ్డం రాలేదు. ఆపరేషనైన రెండో రోజు పొద్దున హైదరాబాదు సర్జను రౌండ్స్‌కు వచ్చి, కట్టు చూసి, వేళ్లు కదిలించమని చెప్పి, "ఏమన్నా అడగాలా అమ్మా?" అన్నాడు.

"తీసిన బొక్క ఏం చేసిన్రు సార్?"

అందరూ ఎప్పుడు నడుస్తామని అడుగుతారు గానీ ఇదెవరూ అడగలేదు కాబోలు, ఆయన నర్సు మొహం చూశాడు. ఎముక పారేశారు గానీ థియేటర్లో తీసిన ఫోటో ఫోనులో ఉంది. యిర్మియా, "నాకు చూపియ్యకున్రి," అని కిటికీ వైపు తిరిగాడు. సుగుణమణి కళ్లజోడు పెట్టుకుని ఫోను దగ్గరికి తీసుకుంది.

ఇన్నేళ్లూ లోపల కంకరరాళ్లు ఒరుసుకుంటున్నట్టే ఊహించుకుంది. ఫోటోలో ఎముక ఒక పక్క నున్నగా, పాలిష్ పట్టిన షాబాదు బండలా మెరుస్తోంది.

"గిదేంది సార్, గింత నునుపుగున్నది?"

"పైనున్న మెత్తటి పొర పోయింది కదమ్మా. ఎముక మీద ఎముక రాసుకుని రాసుకుని అట్లా పాలిష్ పట్టింది."

ఆమె వేలితో బొమ్మను పెద్దది చేసి, పక్కకు జరిపి, మళ్లీ మధ్యకు తెచ్చి చూసింది. బాధగా ఏమీ లేదు. తన ఒంట్లో ఇలాంటిది తయారైందంటే ఆశ్చర్యంగా ఉంది.

"ఎడమది గూడ గిట్లనే ఉంటదా, వేరే తీరుగుంటదా?"

"తెరిస్తే గానీ చెప్పలేనమ్మా."

"అయితే దానికి గూడ డేట్ రాయున్రి సార్," అంది సుగుణమణి.

ముందు దీని మీద నడవమని ఆయన నవ్వుతూ చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లాడు. నర్సు వాకర్ తెచ్చి మంచానికి ఆనించింది.