దూలం రాల్చిన బండారు

రేపు బిడ్డను తొట్టెలలో వేసే పండుగ అనగా, నడింట్లో దూలం కింద పరిచిన తెల్లబట్ట మీద లేత పసుపు పొడి రాలింది. చూసిందే తడవుగా బాలనాగమ్మ రెండు చేతులూ జోడించింది.

"ఎల్లమ్మతల్లి బండారు చల్లిందే! మనుమరాలు పుట్టిన సంబురం తల్లికి గూడ ముట్టింది!"

కోడలు రోజా చేతిలో చీపురు ఆగిపోయింది. అత్త అప్పుడే స్టూలెక్కి దూలానికి బొట్లు పెట్టేసింది. వీపనగండ్లలో ఆ వాడంతా వచ్చి, ఆ పొడిని నుదుట పెట్టుకుని పోయింది.

రోజాకు మాత్రం గుండె కుదుటపడలేదు. ఆ దూలానికే ఇనుప కొండి. ఆ కొండికే రేపు తొట్టెల. అందులో తన బిడ్డ. తుడిచిన కాసేపటికే పొడి మళ్ళీ రాలుతోంది. తలెత్తి చూస్తే దూలం నిండా సన్నటి బెజ్జాలు, దబ్బనంతో పొడిచినట్టు గుండ్రంగా.

"జర సూడు, కట్టె పుచ్చినట్టుంది," అంది భర్త మహేందర్‌తో.

"చెదలైతే మట్టి పట్టాలె గద. ఏడుంది మట్టి?" అన్నాడు అతను. "ఎనిమిదో తరగతి ఇంజనీరమ్మ! ఊకె పరేషాన్ గాకు."

బిడ్డ తుమ్మితేనే దవాఖానకు పోదామనే మనిషి రోజా. ఆమె భయానికి ఆ ఇంట్లో విలువెక్కడిది? పైగా అత్త ఎల్లమ్మతల్లి పేరెత్తాక కాదనేదెలా?

సాయంత్రం బాలనాగమ్మ మనుమరాలికి దిష్టి తీయడానికి కూర్చుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు వేసి, తమలపాకుల డబ్బాలోంచి వేలితో ఇంత సున్నం తీసి కలిపింది. నీళ్ళు ఎర్రబడ్డాయి.

రోజా ఆ ఎరుపును చూసి, దూలం కింద రాలిన పొడి వైపు చూసింది.

"అత్తమ్మా, బండారంటే పసుపే గద?"

"మల్ల గాకపోతే?"

"అయితే తల్లి బండారుతోనే దిష్టి తియ్యరాదు? ఇంకింత మంచిది."

కోడలికి ఇన్నాళ్ళకు భక్తి కుదిరిందని అత్త మురిసిపోయింది. రోజా వేరే గిన్నెలో నీళ్ళు తెచ్చి, రాలిన పొడి గుప్పెడు వేసింది. బాలనాగమ్మ సున్నం కలిపింది. మరికాస్త కలిపింది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయే తప్ప ఎరుపు జాడ లేదు. పొడి తేలి, రంపపు పొట్టులా గిన్నె అంచుకు చేరింది.

"ఎర్రగైతలేదేందే?"

"పసుపైతే గద అయ్యేది! ఇది కట్టెపిండి అత్తమ్మా. పురుగు లోపల తినుకుంట బయటికి తోస్తుంది. చెదలు గాదు, మట్టి కట్టదు. గందుకే మనకు తెల్వలే."

అంతా చూస్తున్న మహేందర్ గడ్డపార తెచ్చి, కొండి పక్కన పొడిచాడు. మెత్తటి రొట్టెలో వేలు దిగినట్టు దిగింది. పిండితో పాటు తెల్లటి పురుగొకటి అతని మొహాన పడింది. కొండిని పట్టి లాగితే ఊడి చేతికొచ్చింది.

"అవ్వో!" అంటూ బాలనాగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రోజా బిడ్డను గుండెకు హత్తుకుని నిటారుగా నిలబడింది. "అందరు బయటికి నడువుండ్రి. దూలం మార్చిందాక ఈడ ఎవ్వరు పండొద్దు. తొట్టెల వాకిట్ల రేకులషెడ్డు పైపుకు కడదాం."

ముందుగా లేచి చాప చుట్టింది బాలనాగమ్మే.

తెల్లారి పేరంటాళ్ళు చేరారు. షెడ్డు పైపుకు తాళ్ళు బిగించి, "ఇగ ఎయ్యి బిడ్డను," అన్నాడు మహేందర్.

"ముందుగాల నువ్వు వేలాడు," అంది రోజా.

"నేనా? గిందర్ల ముందటనా?"

"కోడలు చెప్తుంది గదరా, వేలాడు!" గదమాయించింది బాలనాగమ్మ.

కొత్తచొక్కా వేసుకున్న మహేందర్ పైపు పట్టుకుని గాల్లో కాళ్ళాడించాడు. వాకిలంతా నవ్వులు. పైపు కదల్లేదు. అప్పుడు రోజా తలెత్తి మరోసారి చూసుకుని, బిడ్డను తొట్టెలలో పడుకోబెట్టి, మొదటి ఊపు తానే ఊపింది.