మూడో మంచం ఏ వార్డులో?

పద్దెనిమిదేళ్ళు నర్సుగా చేశాను. నడుం పడిపోయి రోగుల్ని లేపలేకపోతే, అదే ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగానికి పంపారు. మూడు నెలల గడువు. పని వస్తే ఉంటాను, లేదంటే ఇంటికే. నాకు జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష నేర్పింది ఆ విభాగంలోనే ఆరేళ్ళుగా ఉన్న మా తోటికోడలు. ఇంట్లో అందరం దాన్ని చిన్నది అంటాం. ఓపిగ్గా ఒక నోటుపుస్తకం నిండా రాసిచ్చింది. నేనేమో, నా మొహం, అవసరమైన పేజీలు చదివి మిగతావి తిప్పేశాను.

సోమవారం నేను రాసిన, మంచాల వివరాలు చూపే పేజీ ఆసుపత్రి తెరల మీదికి ఎక్కింది. ఆ రోజే చిన్నదాని మందుల పట్టిక ఖాళీ వరుసలైపోయింది. మందుల గది ముందు జనం బారులు తీరారు. మేనేజరు చిన్నదాన్ని అందరి ముందూ కడిగేశాడు. గురువారం పన్నెండులోపు బాగుచెయ్యి, లేదా తప్పు ఒప్పుకుని, రాజీనామా సంతకం పెట్టి వెళ్ళు అన్నాడు.

"ఏమైందే?" అని ఎన్నిసార్లడిగినా, "చూస్తున్నానక్కా" అనేది. నా మొహం మాత్రం చూసేది కాదు.

గురువారం పదకొండున్నర. ఆ నోటుపుస్తకం తెరిచాను. నేను తిప్పేసిన పేజీ దొరికింది.

"అక్కా, మూడో మంచం అంటే ఏ వార్డులో అని అడుగుతావుగా. ఇక్కడా అంతే. నువ్వు రాసే పేర్లన్నీ వార్డ్ అనే ఒకే ఆబ్జెక్టులో, అంటే ఒక డబ్బాలో, పెట్టు. వంకర బ్రాకెట్లలో పేరు, రెండు చుక్కలు, విలువ, కామా. వాడేటప్పుడు వార్డ్, చుక్క, లిస్ట్. ఊరికే లిస్ట్ అని బయట వదిలావో, ఇంకొకరి లిస్ట్‌ని నీది తుడిచేస్తుంది."

నా ఫైలు తెరిచాను. మొదటి వరుసలోనే లిస్ట్. చిన్నదాని పాత ఫైల్లోనూ లిస్టే. నాది తర్వాత లోడవుతుంది. దాని మందుల మీద నా మంచాలొచ్చి కూర్చున్నాయి. మందుల పేర్లు దొరక్క వరుసలు ఖాళీ అయ్యాయి. ఓరి దేవుడా! ఒక్కనాడైనా వార్డు చెప్పకుండా మంచం నంబరు చెప్పనిదాన్నే!

అన్నీ వార్డ్‌లోకి చేర్చాను. మందులు తెర మీదికొచ్చాయి. నడుం సంగతి మరిచి మేనేజరు గదికి పరుగెత్తాను. చిన్నది అప్పటికే సంతకం చేసి పెన్నుకి మూత పెడుతోంది.

"సార్, తప్పు నాది. నా పేజీయే దాని పట్టికని చెరిపింది. ఇప్పుడు చూడండి!"

ఆయన తెర చూసి, కాగితం చూశాడు. "తప్పు తనదేనని రాసిచ్చిందే?"

చిన్నదాని వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"సోమవారమే తెలిసిందక్కా. నా ఫైల్లో పేరు మారిస్తే ఇరవై తెరలు ఆగిపోతాయి. నీది ఎవరు మార్చినా, ఎందుకో సార్‌కి రాసివ్వాలి. ఆ పూటే నిన్ను పంపేసేవారు. నాకు ఎక్కడైనా దొరుకుతుంది. ఆ నడుంతో నీకెవరిస్తారు?"

"నోర్ముయ్యవే! ఎవరడిగారే నిన్ను?" ఏడుపు ఆగలేదు నాకు.

"నాలుగు రోజులు జనం మందుల్లేక నిలబడ్డారమ్మా," అన్నాడు మేనేజరు. "పైవాళ్ళకి ఒక పేరు పంపక తప్పదు."

కాగితం లాక్కున్నాను. చిన్నది నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని, దాని పేరు కొట్టేసి కింద నా పేరు రాశాను. మంచం నంబరుకి వార్డు చెప్పినట్టు, పక్కనే ఏ పేజీయో కూడా రాశాను.