అండీకి మూడు బైట్లు

“పెద్దాయన లేచారా?” అని మా ఆయన ఆదివారం పొద్దున్నే మంచం మీద నుంచే అడిగితే, కొత్తవాళ్లెవరైనా మా మామగారి గురించి అనుకుంటారు. మామగారు పోయి తొమ్మిదేళ్లయింది. పెద్దాయన అంటే ముందుగదిలో కిటికీ పక్కన, నా కుట్టుమిషన్ ఉండాల్సిన చోట కూర్చున్న పాత కంప్యూటరు. సరిగ్గా చెప్పాలంటే కంప్యూటరు కూడా కాదు, అందులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మా ఇంట్లో మాత్రం ఆయనకి దుమ్ము తగలకూడదని గుడ్డ కప్పి ఉంచుతారు. ఆ గుడ్డ ఉతికేది నేను.

“లేచారండీ,” అన్నాను, మెత్తటి బ్రష్షుతో మీటల సందుల్లో దులుపుతూ.

“మొరాయించలేదు కదా?”

“లేదండీ.”

ఆయన తృప్తిగా ఫోన్ తీసి తమ్ముడికి చెప్పాడు. “పదికల్లా వచ్చెయ్యండి. పెద్దాయన హుషారుగా ఉన్నారు. కాఫీలూ అవీ అది చూసుకుంటుందిలే.”

పెద్దాయన ‘ఆయన’, నేను ‘అది’. మన భాషలో ఆడమనిషికీ టేబులుకీ ఒకే మాటతో సరిపెట్టారని చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ టేబుల్ మీది వస్తువు ‘ఆయన’గా ఎదిగిపోయి, దాన్ని తుడిచే మనిషి ‘అది’గానే మిగిలిపోవడం మా ఇంట్లోనే చూశాను.

పెద్దాయనకి ఒక పరిరక్షణ సంఘం ఉంది. మా ఆయన అధ్యక్షుడు. మా మరిది కార్యదర్శి. లెక్కల మాస్టారు, రేడియో షాపాయన సభ్యులు. నలుగురూ ప్రతి ఆదివారం చేరి పెద్దాయన భవిష్యత్తు గురించి గొంతులు పోయేలా వాదించుకుంటారు. అయితే ఒక్కరూ ఆయన చేత ఏ పనీ చేయించరు, అరిగిపోతారని భయం. ఆయన్ని రోజూ వాడేది ఈ భూమ్మీద బహుశా నేనొక్కదాన్నే. అత్తగారి మాత్రల వేళలు, ఇస్త్రీకి వెళ్లిన బట్టలు, నీళ్ల డబ్బాలు, ఎవరి పుట్టినరోజు మరిచిపోతే ఎవరు అలుగుతారు అన్నీ అందులోనే రాసుకుంటాను. వాళ్ల ముందు ఆ మాట ఎత్తితే “అబ్బే, అవి ఇంటి లెక్కలు,” అని కొట్టిపారేస్తారు.

పదకొండేళ్ల కిందట పెద్దాయన చేత తెలుగు మాట్లాడించాలని సంఘం తీర్మానించింది. అక్షరాలు తెరమీద కనపడేలా చెయ్యడం అసలు పని అన్నారు, అది రేడియో షాపాయన చేశాడు. మిషను చెప్పే మాటలు రాయడం చిల్లర పని అన్నారు, అది నాకొచ్చింది. మూడువందల పన్నెండు మాటలు. కుక్కర్ కూత వేసేలోపు రెండు, బస్సులో నాలుగు, అత్తగారు కునుకు తీస్తే ఐదు. అలా నాలుగు నెలలు రాసి, నేనే టైపు కొట్టాను. మర్యాదగా రాయమని ఎవరూ చెప్పలేదు. చెయ్యే అలా రాసుకుపోయింది. ‘కాస్త ఆగండి.’ ‘మీరడిగిన కాగితం దొరకలేదండి.’ ‘ఇంకేమైనా కావాలాండి?’ అన్నిటికన్నా ముందు, మిషను వెయ్యగానే తెరమీద వచ్చే మాట: ‘రండి. కూర్చోండి.’

ఆఫీసులో నేను పని నేర్పిన కుర్రాడు ఇప్పుడు నా పై అధికారి. పక్క సీటు గుమాస్తాని ‘గారూ’ అంటాడు, నన్ను ‘ఏమ్మా, ఆ ఫైలిలా పట్రా’ అంటాడు. ఇంట్లో అత్తగారికి ‘ఏమే’ని, మా ఆయనకి ‘ఇదిగో’ని. పొద్దున ఆరింటికి ఈ మిషను ముందుకొస్తే, నన్ను మీరూ అంటుంది, రమ్మంటుంది, కూర్చోమంటుంది. ఆ మాట రాసింది నేనే అని తెలుసు. అయినా ఈ ఇంట్లో నన్ను కూర్చోమనేది అదొక్కటే. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొన్ని రోజులు ఆ మాట చదవడానికే నిద్రలేచాను.

ఆ ఆదివారం అందరి మొహాలూ వేలాడుతున్నాయి.

“ఈ ఏడాదితో పెద్దాయన కేలండర్ అయిపోతుంది,” అన్నారు మాస్టారు. “జనవరి ఒకటిన తేదీ చెప్పలేక చతికిలబడతారు. కొత్త కేలండర్ నేను రాశాను. కానీ దానికి తొమ్మిది వందల బైట్లు కావాలి. లోపల చీమ దూరేంత చోటు కూడా లేదు.”

“బైటంటే ఎంత మాస్టారూ?” అన్నాను కాఫీ అందిస్తూ.

“ఒక్క అక్షరమో, సున్నో, గుడో పట్టేంత చోటమ్మా.”

“బంతాట తీసేద్దాం,” అన్నాడు రేడియో షాపాయన.

మా మరిది లేచి నిలబడ్డాడు. “నా రికార్డుంది అందులో! పదహారేళ్ల రికార్డు!”

“పోనీ మొదట్లో వచ్చే బొమ్మ? వెయ్యి బైట్లు మింగుతోంది.”

ఈసారి నలుగురూ ఒకేసారి అడ్డుపడ్డారు, అన్నవాడితో సహా. ఆ బొమ్మలో సంఘ సభ్యుల నాలుగు పేర్లుంటాయి. చరిత్ర అన్నారు, వారసత్వం అన్నారు. నాకు తెలిసి ఆ నాలుగు పేర్లు చదివేదాన్ని నేనొక్కదాన్నే.

గంట వాదించుకున్నాక మా మరిదికి మెరుపులా తట్టింది. “అన్నయ్యా, ఆ మాటల్లో అన్నిటికీ చివర ‘అండి’ ఉంది చూశావా? సున్నకొకటి, ‘డ’కొకటి, దాని గుడికొకటి, మూడు బైట్లు. మూడువందల పన్నెండు మాటలు!”

మాస్టారు కళ్లు మూసి తెరిచారు. “తొమ్మిదివందల ముప్ఫై ఆరు. సరిపోగా మిగులుతుంది!”

గదిలో పెళ్లి కుదిరినంత సంబరం.

“అర్థమైతే చాలు, మిషనుకి మర్యాదెందుకు?” అన్నాడు రేడియో షాపాయన.

“అయినా వాడేదెవరు, వదినే కదా,” అన్నాడు మరిది. “వదినకి అండీలెందుకు?”

“అదేమీ అనుకోదు,” అన్నాడు మా ఆయన. నాలుగు చేతులు లేచాయి.

“నాకు ఓటుందా అండీ?” అన్నాను.

“నువ్వు సభ్యురాలివి కాదుగా, వాడకందారువి,” అని నవ్వి, “నువ్వే రాశావు, ఎక్కడెక్కడున్నాయో నీకే తెలుసు. ఇవాళ సాయంత్రానికి ఆ అండీలన్నీ పీకేసెయ్,” అన్నాడు.

ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కోపం రాలేదు మొదట, లెక్క వచ్చింది. పెళ్లయిన వారానికే అత్తగారు నేర్పారు, ‘మొగుణ్ణి పేరు పెట్టి పిలవకు, ఏవండీ అను’ అని. రోజుకి నలభై అండీలు వేసుకున్నా, ఇరవయ్యారేళ్లకి మూడు లక్షల డెబ్భైతొమ్మిది వేల పైచిలుకు. ఎన్ని కేలండర్లు పట్టేవో ఆ చోట్లో. వాటిలో ఒక్కటీ తిరిగి రాలేదు. నాకు వచ్చినవన్నీ కలిపితే మూడువందల పన్నెండు, అవీ నేను రాసుకున్నవే, అవి కూడా ఎక్కువయ్యాయి వీళ్లకి. అప్పుడు వచ్చింది కోపం.

ట్రే కింద పెట్టి పెద్దాయన్ని ఒకసారి ఆపి మళ్లీ వేశాను. ‘రండి. కూర్చోండి,’ అంది తెర. కూర్చున్నాను.

“మాస్టారూ,” అన్నాను, “మీ కేలండర్‌కి ఆ పేర్ల బొమ్మ తీసెయ్యండి, వంద బైట్లు మిగులుతాయి కూడా. ఈ అండీల జోలికి నేను రాను, ఇంకెవర్నీ రానివ్వను. ఏది ఎక్కడుందో రాసిన నోట్‌బుక్ నా దగ్గరే ఉంది.”

మాస్టారు కాఫీ కప్పు వంక చూస్తూ, “ఆ మాటా నిజమే,” అని గొణిగారు.

మా ఆయన ఇదంతా వేళాకోళం అనుకున్నట్టున్నాడు. ఖాళీ కప్పు నా వైపు చాపాడు. “సరే సరే, అది తర్వాత చూద్దాం. ముందు అందరికీ ఇంకో కాఫీ పెట్టు.”

కుర్చీ ఆయన వైపు తిప్పాను. ‘ఏవండీ’ నాలుక చివరిదాకా వచ్చింది, అలవాటు కొద్దీ. మింగేశాను.

“నువ్వే పెట్టుకో.”

ఆయన చేతిలో కప్పు చేతిలోనే ఉండిపోయింది. లోపలి గదిలో అత్తగారు దగ్గారో, నవ్వారో తెలియదు.

“ఏమన్నావ్?” అన్నాడు.

“మూడు బైట్లు మిగిల్చాను,” అన్నాను.