మసి కాలేంతవరకు

ఆసుపత్రి వెనక గుమ్మం దగ్గర మాసిన దుప్పట్ల మూటల్ని ఒక్కొక్కటే వీపు మీదికెత్తి పికప్‌లో పడేస్తున్నాడు డ్రైవరు. మూట పడేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవడం అతనికి అలవాటు. మందుల వాసన, మనుషుల వాసన కలిసి ఒక్కసారి గుప్పుమంటాయి. ఏళ్ళ తరబడి ఒకే భుజం మీద మోసి మోసి, ఆ భుజం రెండోదానికంటే కిందికి జారిపోయింది. చొక్కా వేసుకుంటే ఎప్పుడూ ఒక పక్క పొడుగ్గా కనిపిస్తుంది.

తలుపు గొళ్ళెం పెట్టి, ముందుకొచ్చి కూర్చుని తాళం తిప్పాడు. పసుపు లైటు వెలిగింది. పొగగొట్టం బొమ్మ, దాని మధ్యలో చుక్కలు. నిన్నటిదాకా నిలకడగా ఉన్నది ఇవాళ మిణుకు మిణుకుమంటోంది.

"ముదిరిపోయావు," అన్నాడు దానితో.

ఆసుపత్రి నుంచి లాండ్రీకి, లాండ్రీ నుంచి ఆసుపత్రికి. రోజంతా అదే దారి. సందులు, సిగ్నళ్ళు, స్కూలు ముందు పిల్లలు. బండి రెండో గేరు దాటితే గొప్ప. పాత బండికి ఈ బాధ లేదు, నల్లగా పొగ వదిలి ఊరుకునేది. ఈ కొత్తదానికి సైలెన్సరులో ఒక ఫిల్టరు ఉంది. దాని సంగతి మొదటిసారి మెకానిక్ విడమరిచి చెప్పాడు.

"దీనికి జబ్బేం లేదన్నా. పొగలో మసినంతా ఈ డబ్బా పట్టి ఉంచుతుంది. బండి గట్టిగా పరిగెత్తితే ఆ వేడికి మసి కాలి బూడిదైపోతుంది. నువ్వేమో దీన్ని వంటింటికీ పెరటికీ మధ్య తిప్పుతున్నావు. కడుపు ఉబ్బక ఏం చేస్తుంది? లైటు వెలిగినప్పుడల్లా పెద్ద రోడ్డెక్కించు. ఇంజను గోల పెట్టేలా అరగంట తోలు. మధ్యలో ఆపావో, ఉడికీ ఉడకని కూరలా మిగిలిపోతుంది."

అలా తోలడానికి వెళ్ళిన మొదటిసారే దారిలో భార్య తల్లి, అత్తయ్య, కనిపించింది. కళ్ళల్లో వేసుకునే మందు కొనుక్కుని నడిచి వస్తోంది. ఎక్కించుకున్నాడు. అప్పటికే మసి కాలడం మొదలైంది, ఆపడానికి లేదు. ఇల్లు కళ్ళ ముందే దాటిపోయింది. "నాయనా, ఇల్లు అటు పోయింది!" అని ఆమె కంగారుగా తలుపు పట్టుకుంది. ఆ తర్వాత పొలాలు వచ్చాయి, గాలి వచ్చింది. తలుపు వదిలేసింది.

అతని భార్య పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. తన కూతురికి జబ్బు చేసినప్పుడు సాయానికి వచ్చిన అత్తయ్య మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళమని అతనూ అనలేదు. రెండు గదుల ఇల్లు, వంటగదిలో ఆమె, ముందు గదిలో అతను. ఇంట్లో ఆమె అతనితో నేరుగా మాట్లాడదు. గోడతో మాట్లాడుతుంది. "గిన్నెలో కూర ఉంది, చల్లారిపోతోంది," అని గోడకి చెబుతుంది. అతను గోడ తరఫున తింటాడు. బండిలో మాత్రం ఇద్దరి చూపూ ముందున్న రోడ్డు మీదే ఉంటుంది. ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. అక్కడైతే "నాయనా" అంటుంది, చిన్నప్పటి సంగతులు చెబుతుంది, అతని డ్రైవింగుకి వంకలు పెడుతుంది. నాలుగు రోజులు లైటు వెలగకపోతే గోడనే అడుగుతుంది, "ఆ బండికి ఇంకా కడుపు ఉబ్బలేదా?" అని.

లాండ్రీ గేటు దగ్గర యజమాని నిలబడి ఉన్నాడు.

"నిన్న బండి నత్తలా పాకి, ఆసుపత్రికి దుప్పట్లు ఆలస్యమయ్యాయి. వాళ్ళు నన్ను దులిపేశారు. సాయంత్రం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి ఆ ఫిల్టరు కోయించి పారెయ్. ఖాళీ గొట్టం బిగిస్తాడట, పీడా వదిలిపోతుంది."

"ఆ పొగంతా ఆసుపత్రి గుమ్మంలోకే కదండీ పోయేది," అన్నాడు డ్రైవరు.

"నువ్వెప్పటి నుంచి డాక్టరువయ్యావు?"

"సాయంత్రం ఒక్క పరుగు పెట్టిస్తాను. లైటు ఆరకపోతే రేపు పొద్దున నేనే కోయిస్తాను."

యజమాని అతని మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో ఈ మనిషి దేనికీ ఎదురుచెప్పలేదు. "సరే, ఇదే ఆఖరు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

పొగ మాట అబద్ధం కాదు. కానీ అసలు మాట అది కాదు.

అసలు మాట లోపల ఇస్త్రీ బల్ల దగ్గర ఉంది. అక్కడ పనిచేసే ఆవిడది అతని కంటే కాస్త చిన్న వయసు. మొగుడు వదిలేసి చాలాకాలమైంది. మోచేతి దాకా పాత కాలిన మచ్చలు, ఎప్పుడూ నవ్వు మొహం. "మీ కాలరు చూసి ఆసుపత్రివాళ్ళు మిమ్మల్ని కూడా మూటకట్టి పంపేస్తారు. ఇలా ఇవ్వండి," అంటూ అతని చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టడం మొదలుపెట్టింది. పోయిన నెల, ఇస్త్రీపెట్టె మీంచి చూపు ఎత్తకుండానే అడిగింది, "మీ ఇంట్లో ముగ్గురం పట్టమా?" అని. అత్తయ్యకి చెప్పి చెబుతానన్నాడు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి ఆ మాట ఇంట్లో, గోడ ముందు, ఎలా చెప్పడం? బండిలో అయితే చెప్పొచ్చు. పోయినసారి నోరు తెరిచేసరికే లైటు ఆరిపోయింది. ఫిల్టరు కోసేస్తే ఇక పెద్ద రోడ్డూ లేదు, ఆ మాటకి చోటూ లేదు.

సాయంత్రం డీజిల్ పోయించి ఇంటి ముందు ఆపాడు. హారన్ కొట్టకముందే అత్తయ్య బయటికి వచ్చింది. చంకలో ఎప్పటి దిండే. పక్క సీటులో స్ప్రింగు పైకి పొడుచుకొచ్చిందని కూతురి పాత పూల దుప్పటి చింపి కుట్టుకుంది. ఇంకో చేతిలో సంచి.

"ఇది వెనక పెట్టు నాయనా."

కుట్టు షాపులో ఇవ్వాల్సిన బట్టలనుకుని పెట్టాడు. కాస్త బరువుగా ఉంది.

పెద్ద రోడ్డెక్కి మూడో గేరులోనే ఉంచి తొక్కాడు. ఇంజను ఊళ పెట్టింది. కాసేపటికి కాలిన ఇనుము వాసన వచ్చింది. మసి అంటుకుంది. ఇక పక్కవాళ్ళతో మాట్లాడాలన్నా అరవాల్సిందే.

"నాయనా, నీ చొక్కా ఇస్త్రీ చేసిందెవరు?"

"ఆఁ?"

"చొక్కా! ఇస్త్రీ!"

"పనిలో... ఒకావిడ!"

"చేతి మడత కత్తిలా ఉంది! నా కూతురు ఏనాడూ అలా చెయ్యలేదు. దానికి బద్ధకం!"

అతను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె నోట కూతురి మీద ఒక్క వంక వినడం ఇదే మొదటిసారి.

"పోయినసారి నోరు తెరిచి మూసుకున్నావు. ఇవాళైనా చెబుతావా, లైటు ఆరేదాకా చూస్తావా?"

చెప్పాడు. అంత నెమ్మదిగా చెప్పాల్సిన మాటని గొంతు చించుకుని అరిచి చెప్పాడు. "మీరూ ఉంటారు అత్తయ్యా! ఆవిడే అడిగింది, ముగ్గురం పట్టమా అని!"

"మంచిదే పాపం! ఉంటే ఏమవుతుందో తెలుసా? నేను గోడతో మాట్లాడతాను, ఆవిడ తలుపుతో మాట్లాడుతుంది, మధ్యలో నువ్వు కిటికీలా నిలబడతావు!" ఆమె నవ్వింది. "పెద్ద మలుపు దగ్గరే మా తమ్ముడి ఇల్లు. ఎన్నాళ్ళ నుంచో రమ్మంటున్నాడు. వస్తున్నానని చెప్పాను. సంచి సర్దుకున్నాను."

అతని కాలు దానంతట అదే పైకి లేచింది. ఇంజను గొంతు తగ్గింది.

"కాలు తియ్యకు! సగం కాలి ఊరుకుంటుంది!"

మళ్ళీ తొక్కాడు. పొలాలు, ఇటుక బట్టీలు, తూకం కాటా దాటిపోయాయి. ఎప్పుడూ వెనక్కి తిరిగే చోటు కూడా దాటిపోయింది. పెద్ద మలుపు కనబడుతుండగా లైటు ఒకసారి మిణుకుమని ఆరిపోయింది.

"ఆరింది," అన్నాడు.

"చూశాను," అంది.

ఎండుగడ్డి మీద ఆపితే వేడి సైలెన్సరుకి అంటుకుంటుందని, కంకర పరిచిన చోటు చూసి ఆపాడు. చెట్టు కింద ఒక ముసలాయన సైకిలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అక్కని చూసి చెయ్యి ఊపాడు. డ్రైవరు సంచి దించి సైకిలు వెనక కట్టాడు. ముడి సరిగ్గా పడలేదని విప్పి మళ్ళీ కట్టాడు.

"మళ్ళీ లైటు వెలిగితే ఇటే రా నాయనా. ఇద్దరూ రండి," అంది అత్తయ్య. ఇక్కడ గోడ లేదు. అతని మొహంలోకే చూసి చెప్పింది.

"అత్తయ్యా, దిండు మర్చిపోయారు."

"మర్చిపోలేదు. ఆ స్ప్రింగు ఆవిడకి మాత్రం గుచ్చుకోదా?"

సైకిలు నడిపించుకుంటూ ఇద్దరూ మట్టిదారిలోకి తిరిగారు. కనుమరుగయ్యేదాకా నిలబడి, తర్వాత యజమానికి ఫోన్ చేశాడు. "ఆరిందండీ. ఇక కోయించక్కర్లేదు."

తిరిగి వచ్చేటప్పుడు ఊళ్ళో మొదటి సిగ్నలు దగ్గర బ్రేకు తొక్కితే దిండు ముందుకు జారింది. కింద పడకుండా పట్టుకుని మళ్ళీ స్ప్రింగు మీదికి సర్దాడు. మధ్యలో మనిషి కూర్చున్న చోట నొక్కుకుపోయి, పూలు వెలిసిపోయి ఉంది ఆ దిండు.